కుట్టేసిన ఐదో అంకం

"రాణి వేషం కట్టేవాడు రానంటే యట్లప్పా? రాణి కాస్తా 'రాని' అయిపోతాది. శుక్రారం బత్తలపల్లెలో ఆట. పందిరేసినారు, లైట్లు మాట్లాడినారు, పక్క పల్లెల్లో దండోరా ఏసినారు. ఇప్పుడొచ్చి రానంటావు."

"మెల్లగా మాట్లాడు బావా."

"నా గొంతులో మెల్లగా అనే మెట్టు లేదు హనుమంతప్పా. నా హార్మోనియం పెట్టెలోనూ లేదు."

"ఇంట్లోనే ఉండాది. వింటాది."

పొద్దు వాలుతోంది. పగలు దర్జీ పని, ఆట ఉన్న రోజు హార్మోనియం పని చేసే మస్తాన్ వలి వచ్చి ఆ ఇంటి అరుగు మీద కూర్చుని చాలాసేపయింది. ఊళ్లో అతను నోరు తెరిస్తే నవ్వని మనిషి లేడు. అట్లాంటివాడు ఇప్పటికి వేసిన ఛలోక్తులన్నీ తడిసిన బీడీల్లా అంటుకోకుండానే పోయాయి. చేలో చెనక్కాయ పంట పండించి, ఆటలో రాణి వేషం వేసే హనుమంతప్ప చూపు ఇంటి గడప మీంచి కదలడం లేదు. గడప లోపల అతని భార్య ఓబమ్మ ఉంది.

"ఓబమ్మ వింటే ఏమి? నన్ను అన్నా అని పిలిచే మనిషే గదా. ఏమయిందో చెప్పు."

"కుట్టు విప్పింది."

"ఏం కుట్టు?"

"నువ్వు కుట్టిచ్చినావే. నాటకం బుక్కు కాగితాలు తెరుచుకోకుండా."

"ఐదో అంకమా?"

"ఊ."

"యా అల్లా. డబల్ దారం పెట్టి, మైనం రుద్ది కుట్టినా గదప్పా. నేను కుట్టిన నిక్కర్లు చినిగినాయి, రైకలు చినిగినాయి. దాన్ని మాత్రం ఎద్దులు కట్టి లాగినా రాదనుకుంటి."

"లాగలేదు బావా. సూదితో ఒక్కొక్క పోగూ తీసింది. కాగితం ఇంత కూడా చినగలేదు."

"నీకు చెప్పింటి గదా. నాలుగో అంకం దాకా ఓబమ్మతో సదివించుకో, ఐదోది నా అంగడి కాడికి రా, నేనే నోటితో చెప్పిస్తా అని. నాది కుట్టు. నువ్వు దాన్ని కుట్ర చేసిపెట్టినావు."

"కుట్టింది నువ్వు."

"ఇంట్లో పెట్టింది నువ్వు."

"యాడ పెట్టేది మరి? నాకు సదువు రాదు. రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చుకున్యది అదే. అది సదవల్ల, నేను వినల్ల. నాలుగు అంకాలు బాగనే సదివె. నాలుగోది అయిపోతానే, బుక్కు ఇంగా లావుగా ఉండాదే అనె. నేను ఏమంటాను?"

"ఏమంటివి?"

"అవి ఉత్త కాగితాలంటి."

"ఉత్త కాగితాలకు ఎవడన్నా మైనం దారం ఏస్తాడా?"

"అదీ అదే అనె."

"అంకం గాదప్పా అది. ఆతంకం. ఆ బత్తలపల్లె సదువుకున్న పిల్లోళ్లు నా పానానికొచ్చినారు. అచ్చులో ఉన్నెట్ల ఆడల్ల, ఆఖరి అంకం మింగేస్తే ఒప్పుకోమని పట్టుబట్టిరి. అట్ట మీద 'విషాదాంతము' అని ఉండాది గదా, అంటే విషాదానికి అంతం, ఏడుపు అయిపోయిందని అర్థం, మేము ఆడేదే కరెక్టు అంటి. నవ్విరి గానీ ఒప్పుకోలే."

"మనం ఎప్పుడన్నా ఆడినామా ఐదో అంకం?"

"లే. మా నాయన కాలంలోనూ లే. ఆట మీద పీనుగ పడితే వాన పడదని పెద్దోళ్ల మాట. రాణమ్మ జబ్బు పిల్లోని కోసరం తీర్థం తెచ్చేదానికి కొండకు పోవల్ల, వచ్చి నీళ్లు చల్లల్ల, పిల్లోడు లేచి కూర్చోవల్ల. యుద్ధం నుంచి రాజు రావల్ల. ముగ్గుర్నీ ఉయ్యాల్లో కూర్చోబెట్టి మంగళం పాడల్ల. జనం చాపలు చుట్టుకోని సంతోషంగా ఇండ్లకు పోవల్ల. ఈ చుట్టుపక్కల యా ఊర్లో అడుగు, ఆ ఆట అట్లే అయిపోతాదంటారు."

"వాన పడిందా?"

"ఆఁ?"

"పీనుగ పడకుండానే ఆడినాము గదా ఇన్నేండ్లు. వాన పడిందా బావా?"

"... అది మబ్బుల్ని అడగల్ల. నేను గాలిపెట్టె వాయించేవాణ్ణి, గాలివాన నా చేతుల్లో లే. సరే, ఓబమ్మ సదివె. సదివి ఏం చేసె? ఏడ్చెనా?"

"ఏడిస్తే ఎంత బాగుండు."

"ఏడవలేదా?"

"పోయిన ఎండాకాలం నుంచి ఎప్పుడన్నా ఏడ్చిందా అది? మా పిల్లోడు జయరాముడు పోయిన దినం ఊరంతా ఏడ్చె. నువ్వు ఏడిస్తివి. నేను గుత్తిలో ఆట ముగించుకోని వచ్చి గడపలో పడి ఏడిస్తి. మొగం మీద రాణి రంగు కూడా సరిగ్గా పోలేదు నాకు. అదొక్కటే స్తంభానికి ఆనుకోని చూస్తాండె. ఇంగా చూస్తానే ఉండాది."

"ఆ మాట వద్దులే ఇప్పుడు."

"వద్దంటే పోతాదా? నేను ఆడ కోక కట్టుకోని, కట్టెబొమ్మను వొళ్లో పెట్టుకోని జోల పాడతాండా. వన్స్ మోర్ అంటాండారు జనం. ఈడ నా కొడుకు నీళ్లు నీళ్లు అంటాండాడు."

"హనుమంతప్పా..."

"బాయి అడుగున మిగిలిన బురద నీళ్లు తాగి వాంతులు, బేదులు. నోరు ఎండకపాయ. ఇంట్లో బానలో చుక్క లే. ఇది కడవ ఎత్తుకోని చిత్రావతికి పాయ. ఏట్లో నీళ్లెక్కడివి, చెలమ తవ్వుకోవల్ల. ఇసకలో నీళ్లు ఊరల్ల, చిప్పతో తోడల్ల, మళ్లా ఊరేదాకా కూర్చోవల్ల. ముందర వచ్చినోళ్లు ముందర. బిడ్డకు బాగలేదంటే ఒకాయమ్మ జరిగిందంట, ఇంకొకాయమ్మ మా ఇంట్లోనూ బాగలేదు అనిందంట. అందరి ఇండ్లల్లోనూ అదే కదా. ఇది కడవ నింపుకోని వచ్చేతలికి..."

"తెలుసప్పా. నాకు తెలీదా?"

"తెలిసే కుట్టినావు."

"తెలిసే కుట్టినా. బుక్కులో రాణమ్మ తీర్థం తీసుకోని వచ్చేతలికి పిల్లోడు పోయింటాడు. ఆయమ్మ లేచి, తిన్నగా కొలనులోకి నడుచుకుంటా పోతాది. అది ఓబమ్మ కంట్లో పడకూడదని కుట్టినా. దర్జీవాణ్ణి, నాకు ఇంగేం చేతనవుతాది?"

"నిన్న మాపున సదివింది బావా. ఒక్కతే. నేను చేలోంచి వచ్చేతలికి దీపం ముందర కూర్చోనుండాది. సంగటి కెలికి పెట్టె. నేను తింటాంటే మళ్లా ఆ కాగితాలే ముందరేసుకోని, నోట్లోనే గొణుక్కుంటా వేలు పెట్టి సదివె. తర్వాత నన్నడిగె."

"ఏమని?"

"కొలను అంటే ఏమి అని. మన బాయంత ఉంటాదా, ఏరంత ఉంటాదా అని."

"నువ్వేమంటివి?"

"నేను యా కొలను చూసినా? పెద్దదే ఉంటాది అంటి. మనిషి మునిగేంత నీళ్లుంటాయా అనె."

"... చేంతాడు యాడుండాది మీ ఇంట్లో?"

"గడ్డి వామి కింద దాచినా."

"మంచి పని చేసినావు."

"ఆగు, ఇంగా ఉండాది. వాళ్లక్క ఊరు సోమందేపల్లె కాడ గదా. తెల్లార్తో ఆ ఊరికి పోయొస్తా అనె. ఇంతకాలం అక్క వచ్చి పిలిచినా కదల్లేదు. ఇప్పుడేంటికి పోయ్యేదంటే, ఆడ బాయిలో ఇంగా నీళ్లుండాయంట, చూసొస్తా అనె."

"యా అల్లా."

"తెల్లార్తో పోనీలేదు. వాకిట్లో అడ్డం కూర్చున్యా. పనికి పోలేదు, ఏటికి పోతే ఎనకాలే పోయినా. ఇప్పుడు చెప్పు. నేను రాణి కోక కట్టుకోని బత్తలపల్లెలో కొలనులోకి నడస్తాంటే, ఈడ దీన్ని ఎవరు చూస్తారు? ఒక మారు వేషం కట్టుకోని పోయి కొడుకును పోగొట్టుకుంటి. ఇంగొక మారు పోనా?"

"... ఆట నిలిపేస్తా. పందిరి పోతే పోనీ. వాళ్లకు నేను చెప్పుకుంటా."

"చెప్పుకో."

"ముందర ఓబమ్మతో ఒక మాట మాట్లాడి పోతా. నవ్విస్తా."

"నవ్వదు."

"అన్నా, టీ నీళ్లు పెట్టల్లనా?"

చివరి మాట ఇంట్లోంచి వచ్చింది. మస్తాన్ వలి ఉలిక్కిపడి టోపీ సర్దుకున్నాడు.

"వద్దులే ఓబమ్మా. నీళ్లు దండగ."

"ఒక చెంబుండాది. సగం నీకు పెడతా, సగం ఉంటాది."

"నేను తాగొచ్చినా. కడుపు నిండా... మాటలే ఉండాయి."

ఓబమ్మ గడప దాటి వచ్చింది. చేతిలో టీ లేదు, పుస్తకం ఉంది. పుస్తకం మధ్యలో మైనం రాసిన నల్ల దారం చక్కగా చుట్టచుట్టి పెట్టి ఉంది.

"ఈ దారం నీదే గదా అన్నా."

"నాదే అనుకుంటా."

"పెట్టుకో. పారేస్తే ఏమొస్తాది. గట్టి కుట్టు. నా రైక చేతులు కూడా ఇంత గట్టిగా కుట్టలేదు నువ్వు."

"రైకంటే తొందర పెడతావు గదమ్మా. దీన్నెవరూ తొందర పెట్టలేదు."

"ఎందుకు కుట్టినావు?"

"పురుగులు పడతాయని."

"పురుగులు ఐదో అంకంలోనే పడతాయా?"

"అవి మొదట్నుంచి సదువుకుంటా రావు గదా ఓబమ్మా. నేరుగా ఆఖరికే పోతాయి."

"నా మాదిరి."

"అయ్యో, నేను ఆ మాట అనలేదు."

"అను, ఏం కాదు. అన్నా, ఒకటి అడుగుతా. మీ ఆటలో పిల్లోడు లేచి కూర్చుంటాడు గదా."

"కూర్చుంటాడు."

"బుక్కులో లేవడు."

"... లేవడు."

"ఇన్నేండ్లు మీరు లేపినారు."

"మంగళం పాడల్ల గదమ్మా. పిల్లోణ్ణి అట్ల పండబెట్టుకోని మంగళం యట్ల పాడేది? మంగళం లేకుండా జనాన్ని ఇండ్లకు యట్ల పంపేది?"

"నేను చల్లినా."

"ఏమి?"

"నీళ్లు. ఆ దినం ఏటి నుంచి వచ్చి కడవ దించి, చేతిలోకి నీళ్లు తీసుకోని వాని మొగాన చల్లినా. మీ ఆటలో రాణమ్మ యట్ల చల్లుతాదో అట్లే, తల కాడ నుంచి కాళ్ల దాకా. అప్పుడు నువ్వు పెట్టె మీద ఒకటి వాయిస్తావే, పిల్లోడు కండ్లు తెరిచేటప్పుడు. అది కూడా మనసులో అనుకుంటి. చల్లి, చూస్తా కూర్చుంటి."

"ఓబీ, నాకు చెప్పలేదే."

"నువ్వు గుత్తిలో రాణివి గదా అప్పుడు. వచ్చినాక చెప్తే ఏం జేస్తావు? మన వీధి బయమ్మత్త వచ్చి నా చెయ్యి పట్టుకోని, చాల్లే తల్లీ అనే దాకా చూస్తానే ఉంటి. ఆయమ్మ చాలనకపోతే ఇంగా చూస్తా ఉందునేమో."

హనుమంతప్ప అరుగు దిగి ఆమె పక్కకు వచ్చాడు.

"మిగిలిన నీళ్లు వానికే పోసినారు. స్నానానికి. తాగేదానికని తెచ్చింటి."

మస్తాన్ వలి నోట్లో ఏదో ఒక మాట తిరిగింది. అది ఎప్పటిలాగే బయటికి రాబోయింది. అతను దాన్ని మింగి, చేతిలోని దారం చుట్టను విప్పాడు, మళ్లీ చుట్టాడు.

"తప్పు మాదే ఓబమ్మా. ఆడినదే తప్పు, కుట్టింది ఇంగో తప్పు. అయినా నువ్వు ఎందుకు విప్పినావు తల్లీ? ఆ నొప్పి మళ్లా ఎందుకు తవ్వుకుంటివి?"

"పిల్లోడు లేస్తాడని విప్పలేదన్నా. లేవడని నాకు తెలుసు, చల్లి చూసినా గదా. ఇంత గట్టిగా కుట్టినారంటే బుక్కులో కూడా పిల్లోడు పోయింటాడు అనుకుంటి. పోయినాక ఆ తల్లి ఏం చేసిందో చూద్దామని విప్పినా."

"అది తెలుసుకోని ఏం జేస్తావు?"

"నాకు ఎవరన్నా చెప్పినారా, బిడ్డ పోయినాక ఏం చేయల్లనో? పొద్దున్నే లేస్తాండా, ఊడుస్తాండా, చెలమకు పోతాండా, సంగటి కెలుకుతాండా. వాడు ఉన్నప్పుడూ ఇదే చేస్తాంటి. పోయినాక కూడా ఇదేనా? ఇంగేదన్నా ఉండాదేమో, నేను చేయకుండా ఉండానేమో. పెద్దోళ్లు రాసిన బుక్కు గదా, వాళ్లకు తెలిసింటాది, రాసింటారు అనుకుంటి. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకునేటప్పుడు కూడా అదే ఆశ. ఎవరో ఒకరు యాడో ఒకచోట రాసింటారని."

"రాసినారా?"

"ఏం రాసినారు? ఇదో, విను. 'రాణి మూర్ఛిల్లును. తెలివొందును. కొలనులోనికి నడచును. తెర.' అంతే. తెర. దాని కింద ఉత్త కాగితం. దీపం దగ్గరికి పెట్టి చూసినా, ఏం లే."

"నాటకం గదమ్మా. యాడో ఒకచోట తెర వేయల్ల."

"వాళ్లకు తెర పడె. మా ఇంట్లో తెల్లారె గదన్నా. తెల్లారి పక్కింటామె వచ్చి, ఏటికి పోతాండాము, వస్తావా అని పిలిచె. పోయినా. పోకపోతే ఈయప్పకు గొంతు తడిపేదెవరు? ఆ రాణికి ఎవరూ రాలేదా పిలిచేదానికి?"

"ఓబీ, నువ్వు మీ అక్క ఊరికి పోవద్దు."

"ఎందుకు?"

"వద్దంటే వద్దు."

"బాయి చూడల్ల."

"అందుకే వద్దు. చేంతాడు దాచింది నేనే."

"వామి కింద. తెలుసు. నీకు దాచిపెట్టేది చేతకాదు, తోక బయటే ఉండాది. నేను దూకుతాననుకుంటివా?"

"... ఊ."

"నువ్వు కూడానా అన్నా?"

"నేను కుట్టిందే అందుకు తల్లీ."

"మన బాయిలో దూకితే కాలు విరుగుతాది. అంతే. ఇద్దరు మొగోళ్లు కూర్చోని ఇంతసేపు దీనికోసరమేనా గుసగుసలు?"

"నవ్వద్దు ఓబీ. మనిషి మునిగేంత నీళ్లుంటాయా అని అడిగింది నువ్వే గదా. అక్క ఊరి బాయిలో నీళ్లుండాయనింది నువ్వే గదా. నేను ఏమనుకోవల్ల?"

"అక్క ఊర్లో నీళ్లుంటే బండి కట్టుకోని పోయి రెండు డ్రమ్ములు తెచ్చుకుందామని అంటి. ఎండాకాలం ఇంగా మొదలే కాలేదు. ఈ ఊర్లో ఇంగా బిడ్డలుండారు. ఎదురింటి ఆదెన్న కూతురికి నిన్నటి నుంచి వొళ్లు కాలిపోతాంది, నువ్వు చూసినావా?"

"... లే. చూడలే."

"వాకిట్లో కూర్చుంటే యాడ అగుపడతాది."

"మరి కొలను గురించి రాత్రంతా ఎందుకు అడిగితివి ఓబమ్మా? బుక్కు మూసి పండుకోవచ్చు గదా."

"నిద్ర రాలేదన్నా. కోపమొచ్చె."

"మా మీదనా?"

"ఆయమ్మ మీద."

"ఓబీ... ఏడుస్తాండావా?"

"లే. కోపం అంటాండా గదా."

"ఏడుస్తాండావు. బావా, చూడు, ఏడుస్తాంది."

"ఏడవనీ హనుమంతప్పా. గమ్మునుండు. ఏడవనీ."

"ఏడ్చేదేముండాది దాంట్లో? మనిషి మునిగేంత నీళ్లంట. తామర పూలంట. కొండకు పోయి చిన్న చెంబుతో తీర్థం తెచ్చిందంట, వాకిట్లో అంత కొలను పెట్టుకోని. అంత నీళ్లున్న ఊర్లో బిడ్డ ఎందుకు చస్తాడన్నా? ఆ రాసినాయన మా ఏరు చూసిందుండాదా? ఆ నీళ్లన్నీ అట్లే పెట్టుకోని, దాంట్లోనే పడి చచ్చిపోయింది పిచ్చిది. రాణి కోక కట్టుకోని నువ్వు పో, శుక్రారం ఆ అంకం ఆడు. అచ్చులో ఉన్నెట్లే ఆడు, నేను ఆదెన్న ఇంటి కాడ ఉంటా. అయితే కొలనులోకి దిగే ముందర, ఒక్క కడవ ముంచి గట్టు మీద పెట్టి పో. ఎనకాల ఇంకో తల్లి వస్తాంటాది."